వైట్ రివర్‌లో పెద్ద బ్రౌన్ ట్రౌట్ కోసం: నవంబర్‌లో వెళ్లాలా, ఫిబ్రవరిలోనా?

గోదారి_గాలం, బెంటన్‌విల్

అందరికీ నమస్తే. మా నాన్నగారు అక్టోబర్ ఆఖర్లో రాజమండ్రి నుంచి వస్తున్నారు, మార్చి దాకా మా దగ్గరే ఉంటారు. ఆయనకి చిన్నప్పటి నుంచీ గాలం పిచ్చి. ధవళేశ్వరం దిగువన లంక గట్టు మీద వానపాము గుచ్చి, బెండు మీంచి చూపు తిప్పకుండా పొద్దస్తమానం కూర్చోగలరు. ఇక్కడ పిల్లలు స్కూలుకి, మేం ఆఫీసుకి వెళ్లిపోతే ఆయనకి నాలుగు గోడలే మిగులుతాయి. అందుకని మూడు రోజులు సెలవు పెట్టి, ఇద్దరం ఇక్కడే ఆర్కన్సాస్‌లో ఉన్న కాటర్ ఊరి వైపు వెళ్లి, వైట్ రివర్ నదిలో ఒక పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేప కోసం గట్టిగా ప్రయత్నిద్దామని ఉంది.

రిసార్ట్ డాక్ మీంచి పవర్‌బైట్ అనే ముద్ద ఎరతో రెయిన్‌బో ట్రౌట్లు పట్టడం నాకు అలవాటే. బ్రౌన్ మాత్రం ఇంతవరకూ జానెడువే తగిలాయి. పెద్దదంటే కనీసం 24 అంగుళాలు, అదృష్టం బాగుంటే అంతకన్నా పైన.

నవంబర్ రెండో వారంలో వెళ్తే మంచిదని ఆఫీసులో ఒకాయన అన్నాడు, ఇంకొకాయన ఫిబ్రవరి అన్నాడు. ఏది నిజం? నాన్నగారికి 67, మోకాళ్లు అంత బాగోలేవు, మరి నీళ్లలో దిగి వేయాలా లేక బోటే నయమా? నా దగ్గర మామూలు స్పిన్నింగ్ రాడ్లే ఉన్నాయి, దీనికోసం ఫ్లై రాడ్ (ఈకలతో కట్టిన తేలికపాటి ఎరలు విసిరే గాలం) కొనాలా? చివరిది నాన్నగారు తప్పకుండా అడిగే ప్రశ్న: పట్టింది ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకోవచ్చా?

ఓజార్క్_రాజు, మౌంటెన్ హోమ్

ముందు నెల సంగతి కాదు, నీళ్ల సంగతి తెలుసుకోండి, ఎందుకంటే ఈ నదిలో అన్నీ దాన్నిబట్టే ఉంటాయి. కాటర్‌కి ఎగువన ఈ నది మీదున్న బుల్ షోల్స్ డ్యామ్ కట్టడం 1951లో పూర్తయింది. రిజర్వాయర్ అడుగు నుంచి నీళ్లు వదులుతారు కాబట్టి ఎండాకాలంలో కూడా డ్యామ్ దిగువన సుమారు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర్లోనే ఉంటాయి. ఆ చల్లదనానికి అంతకుముందున్న స్మాల్‌మౌత్ బాస్ అనే చేప ఆ మేర నిలవలేకపోయింది, ఆ లోటుకి బదులుగా ట్రౌట్ వదిలారు. రెయిన్‌బోలని ఇప్పటికీ హ్యాచరీల నుంచి తెచ్చి వదులుతూనే ఉంటారు. బ్రౌన్ ఈ నదిలో తనంతట తనే గుడ్లు పెట్టి పెరుగుతుంది. పెద్ద బ్రౌన్‌కి ఇక్కడ ఇంత విలువ అందుకే.

డ్యామ్‌లో ఎనిమిది టర్బైన్లు. ఎనిమిదీ తిప్పితే 24,000 క్యూసెక్కులు దాటుతుంది. గోదావరిలో పది లక్షల క్యూసెక్కులు చూసిన మీ నాన్నగారికి ఇది చిన్న లెక్కే గానీ, ఈ నది వెడల్పుకి అది బోలెడు నీరు. పొద్దున మోకాలి లోతులో నిలబడ్డ చోటే మధ్యాహ్నానికి తల మునిగిపోతుంది. ఎప్పుడు ఎంత వదులుతారన్నది కరెంటు డిమాండ్‌ని బట్టి ఉంటుంది: ఎండాకాలం మధ్యాహ్నాలు, గడ్డకట్టే చలి ఉన్న పొద్దున్నలు ఎక్కువ, శని ఆదివారాల్లో సాధారణంగా తక్కువ. పెద్ద వానలు పడి చెరువు నిండిందంటే వారాల తరబడి రాత్రీ పగలూ వదులుతూనే ఉంటారు. మర్నాటి షెడ్యూల్ సౌత్‌వెస్టర్న్ పవర్ అడ్మినిస్ట్రేషన్ ముందురోజే పెడుతుంది, ప్రస్తుతం ఎంత వదులుతున్నారో డ్యామ్‌ని నడిపే ఆర్మీ ఇంజనీర్ల కోర్ వాళ్ల లిటిల్ రాక్ డిస్ట్రిక్ట్ సైట్లో ఉంటుంది. రెండూ చూడటం అలవాటు చేసుకోండి. షెడ్యూల్ మాత్రం చెప్పకుండా మారచ్చు.

ఇంకో విషయం కొత్తవాళ్లకి తట్టదు. డ్యామ్ దగ్గర పొద్దున వదిలిన నీళ్లు కాటర్ చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అంటే పైన పోటెత్తిన సమయంలో కింద ఇంకా పల్చగా పారుతూ ఉంటుంది, పైన ఆపేశాక కింద ఇంకా వడిగా ఉంటుంది. ఇక్కడి గైడ్లు ఈ తేడాని చూసుకునే ఒకే రోజులో రెండు మూడు చోట్లకి బోటు మారుస్తారు.

పెద్ద బ్రౌన్ కావాలంటే నీళ్లు ఎక్కువున్న రోజే మంచిది. ఒక సైజు దాటాక అది పురుగుల కోసం తిరగడం తగ్గించి చేపల్ని తింటుంది, పట్టపగలు పల్చని నీళ్లలో బయటికి రాదు. నీరు పెరిగి కాస్త మసకేసినప్పుడు, మబ్బు పట్టినప్పుడు ఒడ్డు వారగా, పడిన చెట్ల కిందికి, రాళ్ల పక్కకి వేటకొస్తుంది. కాబట్టి మీకు బోటే కరెక్ట్. మోకాళ్లు బాగున్నా నేను అదే చెప్పేవాణ్ణి.

నెలల్లో నా ఓటు ఫిబ్రవరికి. బుల్ షోల్స్ రిజర్వాయర్‌లో థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే చిన్న చేప గుంపులుగా ఉంటుంది, దానికి చలి పడదు. జనవరి నుంచి మార్చి లోపు చెరువు బాగా చల్లబడితే అది చచ్చో, కొనప్రాణంతో కొట్టుకుంటూనో టర్బైన్లలోంచి కిందికి వచ్చేస్తుంది. నీళ్ల మీద తెల్లగా వేలల్లో తేలుతూ పోతుంటే ట్రౌట్లు పొట్ట పగిలేలా తింటాయి, అడుగునుండే ముసలి బ్రౌన్లు కూడా పైకొస్తాయి. ప్రతి ఏడూ ఒకేలా రాదు, శీతాకాలం వెచ్చగా ఉంటే అసలు రాకపోవచ్చు. వచ్చిందంటే మాత్రం అంతకన్నా మంచి అవకాశం ఏడాది మొత్తంలో లేదు.

డాలస్_డ్రిఫ్ట్

రాజు అన్న చెప్పిన నీళ్ల సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. నవంబర్‌ని అంత తేలిగ్గా తీసేయొద్దు బ్రదర్. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బ్రౌన్లు గుడ్లు పెట్టడానికి పైకి కదులుతాయి. మిగతా ఏడాదంతా ఎక్కడ నక్కి ఉన్నాయో తెలియని పెద్ద చేపలు అప్పుడు దొరికే చోట్లలో ఉంటాయి, మగవి కోపంగా ఉండి ముందుకొచ్చిన దేన్నైనా కొరుకుతాయి. మేం డాలస్ నుంచి దాదాపు ఏడు గంటలు డ్రైవ్ చేసి వస్తాం, షాడ్ వస్తుందో రాదో తెలియకుండా ఫిబ్రవరిలో సెలవు పెట్టడం మాకు కుదరదు. అక్టోబర్ చివరి వారం, నవంబర్ మొదటి వారం మాకు బాగానే కలిసొచ్చాయి.

ఇంకొకటి, వైట్ రివర్ ఒక్కటే అనుకోకండి. హీబర్ స్ప్రింగ్స్ దగ్గర లిటిల్ రెడ్ రివర్ ఉంది, గ్రీర్స్ ఫెర్రీ డ్యామ్ దిగువన. 1992 మేలో 40 పౌండ్ల 4 ఔన్సుల బ్రౌన్ పడింది అక్కడే, 2009 దాకా ప్రపంచ రికార్డు అదే. పట్టినాయన వాడింది 4 పౌండ్ల సన్నని దారం, ఆలివ్ రంగు బుల్లి జిగ్ (సీసపు తల ఉన్న కొక్కెం ఎర)! నార్‌ఫోర్క్ డ్యామ్ దిగువన నార్త్ ఫోర్క్ నది కూడా ఉంది, డ్యామ్ కింద ట్రౌట్ ఉండే మేర చిన్నదే, 1988లో అక్కడ 38 పౌండ్లు దాటిన బ్రౌన్ పడింది. మూడు రోజులున్నాయి కాబట్టి ఒకరోజు నార్‌ఫోర్క్‌కి ఇవ్వండి, కాటర్ నుంచి దగ్గరే.

ఓజార్క్_రాజు, మౌంటెన్ హోమ్

డ్రిఫ్ట్ తమ్ముడూ, గుడ్లు పెట్టే చేపల దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. వెళ్లే దారిలో, లోతు నీళ్లలో తిరుగుతున్న చేపకి ఎర వేయడం వేరు, గూడు మీదున్న చేపని లాగడం వేరు. నవంబర్‌లో వచ్చేవాళ్లలో చాలామందికి ఈ తేడా తెలియదు, అందుకే కొత్తవాళ్లకి ఆ నెల చెప్పను.

గోదారి_గాలం గారూ, ఆ గూడు ఎలా ఉంటుందో చెప్తాను, ఏ నెలలో వెళ్లినా గుర్తుపట్టాలి. పిక్కల లోతు నీళ్లలో, గులకరాళ్ల మీద, చుట్టూ నాచు పట్టి ముదురు గోధుమరంగులో ఉన్న అడుగులో ఒకచోట మూడు నాలుగు అడుగుల మేర రాళ్లు తెల్లగా, కడిగినట్టు కనిపిస్తాయి. ఆడచేప పక్కకి వాలి తోకతో కొట్టి ఆ గుంట చేస్తుంది, గుడ్లు పెట్టి పైనుంచి మళ్లీ రాళ్లు కప్పుతుంది. గుడ్లు ఆ రాళ్ల సందుల్లోనే శీతాకాలం అంతా ఉంటాయి. చేప వెళ్లిపోయింది కదా అని మీరు దాని మీదుగా నడిస్తే కింద ఉన్నవన్నీ నలిగిపోతాయి. ఈ నదిలో బ్రౌన్లు వాటంతటవే పెరుగుతున్నాయని చెప్పాను కదా, ఆ తెల్లటి మచ్చలే దానికి ఆధారం. ఫిబ్రవరిలో కూడా అలాంటి చోట కాలు పెట్టకండి.

డ్యామ్ కింద నుంచి స్టేట్ పార్క్ హద్దు దాకా నవంబర్ 1 నుంచి జనవరి 31 వరకు పట్టింది పట్టినట్టు వదిలెయ్యాలన్న నిబంధన పెట్టింది కూడా ఇందుకే. కాటర్ దిగువన రిమ్ షోల్స్ అనే చోటైతే ఏడాది పొడవునా వదలాల్సిందే, ప్రాణమున్న ఎర కుదరదు, ముల్లు లేని ఒంటి కొక్కెమే వాడాలి. ఆర్కన్సాస్ గేమ్ అండ్ ఫిష్ కమిషన్ (వేట, చేపల నిబంధనలు పెట్టే శాఖ) వాళ్ల ఈ ఏడాది ట్రౌట్ పుస్తకం డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్లో పెట్టుకోండి, హద్దులు, లిమిట్లు అప్పుడప్పుడూ మారుస్తారు.

లిటిల్‌రాక్_లక్ష్మి

మా మావయ్యగారిని తీసుకెళ్లిన అనుభవంతో చెప్తున్నాను, చేప కన్నా ముందు చలి గురించి ఆలోచించండి. ఫిబ్రవరి పొద్దున్న బోటు నడుస్తుంటే మొహానికి తగిలే గాలి, మన ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లకి మామూలుగా ఉండదు. ఒంటికి అతుక్కునే ఉన్ని బనియన్, పైన ఫ్లీస్, ఆపైన గాలి, వాన చొరబడని జాకెట్ వేయండి. వేళ్లు బయటికుండే గ్లవ్స్ కాదు, పూర్తివి రెండు జతలు తీసుకెళ్లండి, ఒకటి తడిస్తే ఇంకొకటి. ఫ్లాస్కు నిండా వేడి టీ. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే ఆయనకి ప్రాణం లేచొస్తుంది, రిసార్టుల దగ్గర శీతాకాలంలో కొన్ని హోటళ్లు మూసే ఉంటాయి. ఎనిమిది గంటల ఫుల్ డే కాకుండా మొదటి రోజు హాఫ్ డే బుక్ చేయండి, ఆయన ఓపిక చూసుకుని పెంచుకోవచ్చు.

లైసెన్స్ ఇద్దరికీ కావాలండి. 16 నిండిన ప్రతివాళ్లకీ ఫిషింగ్ లైసెన్స్, దానిపైన విడిగా ట్రౌట్ పర్మిట్. పెద్దవయసు రాయితీ ఆర్కన్సాస్ వాసులకే, విజిటర్‌గా వచ్చిన నాన్నగారికి వర్తించదు. ఆయనకి నాన్‌రెసిడెంట్ కింద కొద్దిరోజుల లైసెన్స్ ఆన్‌లైన్లోనే తీసుకోవచ్చు, ప్రింట్ తీసి పాస్‌పోర్ట్ కాపీతో కలిపి జేబులో పెట్టండి.

బోటులో ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ తీయనివ్వకండి. ఈత వచ్చు, గోదాట్లో పెరిగాను అంటారు, నిజమే, కానీ 45, 50 డిగ్రీల నీళ్లలో పడగానే ఊపిరి ఎగబీల్చుకుపోయి నోట్లోకి నీళ్లు వెళ్లిపోతాయి, ఈత ఎంత వచ్చినా కాళ్లూ చేతులూ కాసేపటికే మాట వినవు. ఎక్కడైనా ఒడ్డున దిగి గాలం వేస్తే, నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకుని చూస్తూ ఉండండి. ఆ రాయి తడిసిందంటే వెంటనే ఒడ్డెక్కాలి, సామాను తర్వాత. డ్యామ్ దగ్గర సైరన్ మోగుతుంది గానీ మైళ్ల దిగువన ఉన్న మీకు వినపడదు. ఇంకోమాట, వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే, నీరు చొరబడని ప్యాంటు, బూట్లు) కొంటే ఫెల్ట్ అడుగువి కాకుండా రబ్బరు అడుగువి చూసుకోండి.

పులుసు గురించి: రెయిన్‌బోలు పెట్టుకోండి, హాయిగా. హ్యాచరీవాళ్లు వదిలేది జనం పట్టుకుంటారనే. లిమిట్ చూసుకుని రెండు తెచ్చుకోండి. ట్రౌట్ మాంసం మెత్తన, మన చేపల్లా ఉడికిస్తే విడిపోతుంది. చింతపండు పులుసు, ఉల్లిపాయ ముందే బాగా మరిగి చిక్కబడ్డాక ముక్కలు వేసి, ఐదారు నిమిషాల్లో దించేయాలి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలి. వేపుడైతే ఇంకా బాగుంటుంది, చర్మం కరకరలాడుతుంది.

పెద్ద బ్రౌన్‌ని మాత్రం వదిలేయమని నాన్నగారికి ముందే చెప్పి ఒప్పించండి. 24 అంగుళాలు దాటినది ఒకటి ఉంచుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవచ్చు, అయినా ఆ సైజు ఆడచేప ప్రతి ఏడూ వేల గుడ్లు పెడుతుంది. బోటులో చేప చేతికొచ్చాక చెప్తే ఆయన మనసు చివుక్కుమంటుంది, ఇంటి దగ్గరే చెప్పండి.

గోదారి_గాలం, బెంటన్‌విల్

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఫిబ్రవరికే ఫిక్స్ అవుతున్నాను. తేదీలు ఇప్పుడే ఖాయం చేయకుండా, షాడ్ వార్త చూసుకుని వారం మధ్యలో మూడు రోజులు తీసుకుంటా, మేనేజర్‌తో మాట్లాడాను. బెంటన్‌విల్ నుంచి యురేకా స్ప్రింగ్స్, హారిసన్ మీదుగా మూడు గంటల్లోపే కాబట్టి అది మాకు వీలవుతుంది. లక్ష్మి గారూ, వదిలేసే విషయం నాన్నగారికి వీడియో కాల్‌లో చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "గుడ్ల చేప అయితే వదలాల్సిందేరా, మనవైపు కూడా పెద్దవాళ్లు అదే చెప్పేవాళ్లు" అన్నారు.

ఇప్పుడు సామాను సంగతి చెప్పండి. స్పిన్నింగ్‌తోనే అవుతుందా? ప్రాణమున్న ఎరతో వేయడం ఆయనకి ఇష్టం.

డాలస్_డ్రిఫ్ట్

స్పిన్నింగ్ చాలు, ఫ్లై రాడ్ కొనకు. స్ట్రీమర్లు (చిన్న చేపల్లా కట్టిన ఫ్లై ఎరలు) వేయాలంటే 7 లేదా 8 వెయిట్ రాడ్, మునిగే లైను, రోజంతా విసిరే భుజం కావాలి, మూడు రోజుల్లో నేర్చుకునేది కాదు. ఏడడుగుల మీడియం రాడ్, రీలు మీద 15 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), చివర ఓ ఆరడుగులు 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్లలో అంతగా కనపడని దారం). కొనాల్సింది జర్క్‌బెయిట్లు, అంటే చేప ఆకారంలో ఉండే గట్టి ఎరలు, నాలుగైదు అంగుళాలవి, ఆపినప్పుడు పైకి తేలకుండా, మునగకుండా ఉన్నచోటే నిలిచే రకం. షాడ్ టైమ్ కాబట్టి తెలుపు, వెండి రంగులు ఎక్కువ తీసుకో, ఒకటి రెండు గోధుమరంగువి.

ఒడ్డుకి అడుగు దూరంలో పడేలా విసురు. రెండు కుదుపులు, ఆపు. నీళ్లు చల్లగా ఉంటే ఆపడం ఎక్కువసేపు ఉండాలి, ఐదారు సెకన్లు, నీకే విసుగొచ్చేంత. పెద్ద బ్రౌన్ చాలాసార్లు ఆపినప్పుడే తీసుకుంటుంది, లాగినట్టు ఉండదు, దారం బరువెక్కినట్టు ఉంటుంది అంతే. ఒక్కోసారి బోటు దాకా వెనకే వచ్చి పసుపుపచ్చగా మెరిసి తిరిగిపోతుంది. అప్పుడు కంగారుపడి పైకి తీసేయొద్దు, రాడ్ కొన నీళ్లలోకి వంచి పక్కకి ఇంకో కుదుపు ఇవ్వు.

నాన్నగారికి స్కల్పిన్ ఇప్పించు. మన ఇసుకదొందులాగే తల పెద్దగా ఉండి రాళ్ల కింద నక్కే చేప, ఇక్కడి పెద్ద బ్రౌన్‌కి అదంటే ప్రాణం. పెదవుల్లోంచి కొక్కెం గుచ్చి, పైన చిన్న సీసం వేసి, అడుగున దొర్లుతూ పోయేలా బోటుతో పాటు వదలాలి. బెండు మీద కన్నుండే అలవాటున్న మనిషికి దారం మీద వేలు పెట్టి అడుగు రాళ్లని తెలుసుకోవడం ఎంతోసేపు పట్టదు. స్పెషల్ రూల్స్ ఉన్న చోట్ల మాత్రం ప్రాణమున్న ఎర వద్దు, రాజు అన్న చెప్పాడు కదా.

ఓజార్క్_రాజు, మౌంటెన్ హోమ్

డ్రిఫ్ట్ చెప్పిన దానికి రెండు చేరుస్తా. జర్క్‌బెయిట్లకి మూడు ముళ్ల కొక్కేలు వస్తాయి, పటకారుతో ముళ్లు నొక్కేయండి, వదలడం సులువు. దారం సడలకుండా చూసుకుంటే చేప ఊడిపోదు. రబ్బరు వల పెద్దది ఉందా అని గైడ్‌ని ముందే అడగండి.

చేప వలలోకి వచ్చాక దాన్ని నీళ్లలోనే ఉంచండి. కెమెరా రెడీ అయ్యాక, చేతులు తడుపుకుని, ఒక చెయ్యి తోక మొదట్లో, ఇంకోటి పొట్ట కింద పెట్టి ఎత్తండి, మొప్పల్లో వేళ్లు పెట్టొద్దు. ఊపిరి బిగబట్టి ఫోటో తీయండి, మీకు ఊపిరి కావాలనిపించినప్పుడు దానికీ కావాలి. మళ్లీ నీళ్లలో ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, అదే తోక విదిలించుకుని పోయేదాకా పట్టుకోండి. బరువు తూచడానికి వేలాడదీయొద్దు. టేపుతో పొడవు, నడుము చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోండి, చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 800తో భాగిస్తే పౌండ్లలో బరువు దాదాపు వస్తుంది. 30 అంగుళాల పొడవు, 17 చుట్టుకొలత ఉంటే పదిన్నర పౌండ్ల పైమాటే.

గైడ్‌ని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, షాడ్ మొదలైందన్న మాట బయటికి వచ్చిన రెండు రోజుల్లో బోట్లన్నీ నిండిపోతాయి. మాకు బ్రౌన్ కావాలి, రెయిన్‌బోల లెక్క వద్దు అని సూటిగా చెప్పండి, లేకపోతే కొత్తవాళ్లని చూసి రోజంతా చిన్నవాటి మీదే తిప్పుతారు. మొదటిరోజు డ్యామ్ నుంచి వైట్ హోల్ దాకా ఉండండి, షాడ్ ముందు తగిలేది అక్కడే. నీళ్లు నాలుగు యూనిట్లకి (అంటే నాలుగు టర్బైన్లకి) పైన ఉంటే రెండోరోజు వైల్డ్‌క్యాట్ షోల్స్ నుంచి కాటర్ వైపు ఒడ్లు కొట్టండి, నీళ్లు ఆపేస్తే నార్‌ఫోర్క్ వెళ్లండి.

షాడ్ కనపడగానే ఇక్కడ రాస్తాను, జనవరి మధ్య నుంచి ఈ థ్రెడ్ చూస్తూ ఉండండి.